నర్మదని పగలు చూడాలంటే ఏ రైలెక్కాలి?

ప్రశ్న: నా వయసు 61. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. ఉండేది మల్కాజిగిరిలో. ముప్పై ఏళ్లకు పైగా గోడకి భారతదేశం మ్యాపు తగిలించి వింధ్య, సాత్పురా, నర్మద అని బెత్తంతో చూపించాను. ఒక్కటీ కళ్లారా చూడలేదు. మావారు పోయి రెండేళ్లయింది. టికెట్లు, స్టేషన్లు, కూలీలు అన్నీ ఆయనే చూసుకునేవారు. ఇప్పుడు రైల్లో దేశం చూస్తూ ఒక్కదాన్నే ఢిల్లీ దాకా వెళ్లిరావాలనుంది. అక్కడ మా చెల్లెలి కూతురు ఉంటుంది. మా అబ్బాయి మాత్రం "ఫ్లైట్‌లో రెండు గంటల పని కదమ్మా, ఈ వయసులో ఇదేం సరదా" అంటున్నాడు. కన్యాకుమారి నుంచి అస్సాం దాకా పోయే రైలొకటి ఉందని మా కొలీగ్ చెప్పింది, అదీ మనసులో ఉంది. మోకాళ్ల నొప్పులున్నాయి. భయం లేదని చెప్పను. స్లీపరా, ఏసీయా? ఒక్కదాన్నే వెళ్లడం క్షేమమేనా? అసలు వెళ్లాలా వద్దా?
— ఒక రిటైర్డ్ టీచర్, మల్కాజిగిరి

జవాబు:

టీచర్ గారూ,

వెళ్లండి. "వెళ్లాలా వద్దా" అని ఉత్తరం చివర అడిగారు గానీ, బెత్తం సంగతి రాసినప్పుడే మీరు సగం దూరం వెళ్లిపోయారు. మీ అబ్బాయి లెక్క కూడా తప్పు కాదు. ఢిల్లీ చేరడమే పనైతే ఫ్లైటే మేలు. మీకు కావలసింది మధ్యలో ఉంది కాబట్టి ఆ లెక్క మీకు పనికిరాదు, అంతే.

ముందు ఆ అస్సాం రైలు సంగతి. దాని పేరు వివేక్ ఎక్స్‌ప్రెస్. కన్యాకుమారి నుంచి దిబ్రూగఢ్ దాకా 4,150 కిలోమీటర్ల పైచిలుకు, మూడు పగళ్లు, మూడు రాత్రులు దాటిన ప్రయాణం. మన దేశంలో అంత దూరం వెళ్లే రైలు మరొకటి లేదు. ఎక్కాలంటే కన్యాకుమారి దాకా పోనక్కర్లేదు, విజయవాడలోనే ఎక్కొచ్చు. కానీ మొదటిసారి ఒంటరిగా బయల్దేరేవాళ్లకి నేనది చెప్పను. రెండో రోజు సాయంత్రానికి బాత్రూమ్‌లు ఎలా ఉంటాయో, మూడో రోజు మోకాళ్లు ఏమంటాయో ఒకసారి తెలిశాక దాని గురించి ఆలోచించుకోవచ్చు. ముందు ఢిల్లీ. నాంపల్లి నుంచి దాదాపు 1,680 కిలోమీటర్లు. ఒక పగలు, ఒక రాత్రి.

ఇక అసలు విషయం. ఢిల్లీకి ఏ రైలు మంచిదని అడిగితే అందరూ తొందరగా చేర్చేదాని పేరు చెబుతారు. మీరు ఆ మాట వినకండి. మీరు చూడాల్సింది ఏ చోటు పగలు వస్తుంది, ఏది రాత్రి వస్తుంది అని. టైమ్‌టేబుల్ ముందు పెట్టుకుని, పక్కన మీ పాత మ్యాపు పరుచుకుని చూడండి. గంటసేపు హాయిగా గడిచిపోతుంది కూడా.

తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఉంది కదా, ఒకప్పుడు ఏపీ ఎక్స్‌ప్రెస్ అని పిలిచేవాళ్లం, అది పొద్దున ఆరింటికి నాంపల్లిలో బయల్దేరుతుంది. అంటే మన తెలంగాణ మొత్తం పగటి వెలుగులో వస్తుంది. భువనగిరిలో ఆ ఒంటి బండ, దాని మీద కోట. కాజీపేట దాటాక రైలు వరంగల్ వైపు పోకుండా ఉత్తరానికి తిరుగుతుంది. రామగుండం వచ్చేసరికి థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు, పక్క పట్టాల మీద బొగ్గు వ్యాగన్లు. ఆ తర్వాత మంచిర్యాలకి ముందు గోదావరి. వేసవిలో అయితే ఇసుకే ఎక్కువ, నీళ్లు తక్కువ. కాగజ్‌నగర్ దాటాక అడవి, వార్ధా నది, అవతల బల్లార్షా. అక్కడినుంచి ప్లాట్‌ఫామ్ మీద అరుపులు మరాఠీలోకి మారిపోతాయి. మధ్యాహ్నం మూడు దాటాక నాగపూర్. ఇంతవరకు బాగుంది. కానీ సాత్పురా కొండలు మొదలయ్యే వేళకి పొద్దు వాలిపోతుంది. నర్మద వంతెన దాటేసరికి కటిక చీకటి. కింద చక్రాల చప్పుడు మారితే "ఓహో, నది" అనుకోవాల్సిందే.

దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ దీనికి సరిగ్గా తలకిందులు. రాత్రి బయల్దేరుతుంది, ఎక్కువచోట్ల ఆగుతుంది, రెండు రాత్రులు తింటుంది. పనుల మీద వెళ్లేవాళ్లు దాన్ని తిట్టుకుంటారు. నా సలహా ఏమిటంటే, వెళ్లేటప్పుడు తెలంగాణ ఎక్కండి, వచ్చేటప్పుడు దక్షిణ్ ఎక్కండి. హజ్రత్ నిజాముద్దీన్ స్టేషన్‌లో రాత్రి ఎక్కి పడుకుంటే భోపాల్ చేరేసరికి బాగా తెల్లవారి ఉంటుంది. అక్కడినుంచి వరసగా చూడండి. ఓబేదుల్లాగంజ్ దాటాక భీంబేట్కా గుహలున్న కొండలు. పాఠంలో ఆదిమానవుల చిత్రాల దగ్గర చెప్పి ఉంటారు. తర్వాత వింధ్య అడవిలోంచి రైలు కిందికి దిగుతుంది. బుధ్నీ దాటగానే నర్మద. ఆపైన ఇటార్సీ, మళ్లీ ఎక్కుడు, సొరంగాలు, సాత్పురా. బరువైన గూడ్సు రైళ్లని ఆ ఘాట్ మీదికి వెనకనుంచి ఇంకో ఇంజిన్ తోస్తూ ఉంటుంది, కనబడితే చూడండి. బేతూల్ దాటాక ముల్తాయి అని చిన్న స్టేషన్ వస్తుంది. తపతి పుట్టేది ఆ ఊళ్లోనే. పడమరకి పారే నదులు ఏవి అని ఎన్ని వందల ప్రశ్నపత్రాల్లో ఇచ్చి ఉంటారో! ఆ రెండు జవాబులూ ఒకే రోజు కిటికీలోంచి దాటిపోతాయి. పైగా ఉత్తరం నుంచి దక్షిణానికి వస్తున్నారు కాబట్టి మీరు బెత్తం పైనుంచి కిందికి జరిపిన వరసలోనే, ముందు వింధ్య, మధ్యలో నర్మద, తర్వాత సాత్పురా. వేళలు అప్పుడప్పుడు మారుస్తుంటారు, బుక్ చేసే రోజు ఒకసారి సరిచూసుకోండి.

ఎప్పుడు వెళ్లాలి? ఏప్రిల్, మే వద్దే వద్దు. చంద్రాపూర్, నాగపూర్‌ల ఎండకి స్లీపర్ కిటికీ పెనంలా కాలుతుంది. డిసెంబరు చివర, జనవరిలో ఉత్తరాన పొగమంచు, రైళ్లు గంటల తరబడి ఆలస్యం. నన్నడిగితే ఫిబ్రవరి చివరి వారం నుంచి హోలీ దాకా. కాగజ్‌నగర్ అడవుల నుంచి బేతూల్ దాకా మోదుగ చెట్లు ఆకు రాల్చి పూస్తాయి. ఆ ఎరుపు చూడ్డానికైనా వెళ్లొచ్చు.

టికెట్ సంగతి కొంచెం కఠినంగా చెబుతాను, ఏమీ అనుకోకండి. అబ్బాయి చేత బుక్ చేయించకండి. మావారే చూసుకునేవారు అని రాశారు. ఆ పని ఇప్పుడు అబ్బాయి చేతికి మారితే, రేపు వివేక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలన్నా ఇంకొకరి మొహం చూడాలి. ఐఆర్‌సీటీసీలో మీ పేరుతోనే ఖాతా తెరవండి, ఆధార్ జతచేయండి. ఒకటి రెండుసార్లు తప్పుతుంది, డబ్బు ఎక్కడికీ పోదు. ప్రయాణానికి 60 రోజుల ముందు బుకింగ్ తెరుచుకుంటుంది, పొద్దున ఎనిమిదింటికి. 2024 నవంబరుకి ముందు అది 120 రోజులుండేది. ఇప్పటికీ అంతేనని ఎవరైనా చెబితే నమ్మకండి. ఫోన్‌లో చేయడం అసలు రాకపోతే రిజర్వేషన్ కౌంటర్‌కి వెళ్లి ఫారం నింపండి. అదీ మీరు చేసినట్టే.

కోటా దగ్గర జనరల్ అని వదిలేయకుండా లోయర్ బెర్త్ కోటా ఎంచుకోండి. 45 దాటిన ఆడవాళ్లు ఒక్కరే వెళ్తుంటే దానికి అర్హులు. మీ మోకాళ్లకి పై బెర్త్ అంటే శిక్షే. స్లీపర్‌లో ఒంటరి మహిళలకి ఆరు బెర్తులు లేడీస్ కోటాలో విడిగా ఉంటాయి, అది ఇంకో దారి. నంబరు వచ్చాక చిన్న లెక్క: దాన్ని 8తో భాగించండి. శేషం 1 గానీ 4 గానీ అయితే లోయర్, 7 అయితే సైడ్ లోయర్. స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ ఇదే లెక్క. మొదటి ఎనిమిది నంబర్లు, బోగీ చివరి ఎనిమిది నంబర్లు బాత్రూమ్ పక్కనుంటాయి, వాసన, తలుపు చప్పుడు. కుదిరితే తప్పించుకోండి. వెయిటింగ్ లిస్ట్ టికెట్‌తో మాత్రం "చూద్దాంలే" అని బయల్దేరకండి. ఆన్‌లైన్‌లో తీసుకున్నది చార్ట్ తయారయ్యాక కూడా వెయిటింగ్‌లోనే ఉంటే దానంతటదే రద్దయిపోతుంది. ఇంకోటి, సీనియర్ సిటిజన్ రాయితీ ఉందనుకుని లెక్క వేసుకోకండి. అది 2020 మార్చిలో ఆగిపోయింది.

స్లీపరా, ఏసీయా? వెళ్లేటప్పుడు థర్డ్ ఏసీ. మొదటి రాత్రి కంటినిండా నిద్రపోవడం ముఖ్యం, దుప్పటి వాళ్లే ఇస్తారు, అర్ధరాత్రి అడ్డమైనవాళ్లూ ఎక్కరు. ఫస్ట్ ఏసీ అయితే ఇంకా క్షేమం అని ఎవరైనా అంటారు. నేనొప్పుకోను. తలుపు వేసేసే గదిలో మీతో ఎవరు పడతారో మీ చేతిలో లేదు. ఎనిమిది మంది తిరుగుతూ, పిల్లలు ఏడుస్తూ, ఒకావిడ తన ఆపరేషన్ కథ చెబుతూ ఉండే చోటే ఒంటరి ఆడమనిషికి క్షేమం. వచ్చేటప్పుడు ధైర్యం కుదిరితే స్లీపర్. దానికి నా కారణం వేరే ఉంది, చివర్లో చెబుతాను.

స్టేషన్ పేరు టికెట్ మీద రెండుసార్లు చూసుకోండి. సికింద్రాబాద్‌లో పునర్నిర్మాణం పనుల వల్ల కొన్ని రైళ్లు చర్లపల్లికి మారాయి, అలవాటు కొద్దీ సికింద్రాబాద్ పోయి లబోదిబోమన్నవాళ్లు ఉన్నారు. మీ మల్కాజిగిరికి సికింద్రాబాద్ దగ్గరే, తెలంగాణ అక్కడా ఆగుతుంది. అయినా నాంపల్లిలో ఎక్కమంటాను. అక్కడ పట్టాలు ఆగిపోతాయి కాబట్టి బ్రిడ్జీ ఎక్కి దిగే పని లేకుండా నేరుగా ప్లాట్‌ఫామ్ మీదికి నడుస్తారు. బండి అక్కడే మొదలవుతుంది, తోసుకోకుండా ఎక్కి సర్దుకోవచ్చు. ఒకటే చిక్కు, మెట్రో మొదటి బండే ఆరింటికి. అది నమ్ముకుంటే ఢిల్లీ కాదు, నాంపల్లిలో ఇరానీ చాయ్ తాగి ఇంటికి రావాలి. ముందురోజు రాత్రే క్యాబ్ మాట్లాడుకుని నాలుగున్నరకి ఇంట్లోంచి కదలండి.

క్షేమం గురించి. రైల్వే పోలీసులు 2020 నుంచి 'మేరీ సహేలీ' అని నడుపుతున్నారు. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్ల దగ్గరికి మహిళా కానిస్టేబుళ్లు వచ్చి బోగీ, బెర్త్ నంబర్లు రాసుకుంటారు. వాళ్లు రాకపోయినా 139 నంబరు ఫోన్‌లో వేసిపెట్టుకోండి. ఏ ఇబ్బందికైనా, ఒంట్లో బాగాలేకపోయినా అదే. టీసీ వచ్చినప్పుడు "నేను ఒక్కదాన్నే సార్" అని ఆయనకి మాత్రం చెప్పండి. మిగతావాళ్లు అడుగుతారు, తప్పకుండా అడుగుతారు: "ఒక్కరేనా?" ముప్పై ఏళ్లు పిల్లలకి అబద్ధమాడొద్దని చెప్పి ఉంటారు. ఇక్కడ ఒకటి ఆడేయండి. "మా తమ్ముడు పక్క బోగీలో ఉన్నాడు." ఎవరైనా బిస్కెట్లు, టీ ఇస్తే "ఈరోజు ఉపవాసం" అనండి. ఎదుటివాళ్లకి కోపం రాదు, పైగా గౌరవం కూడా. మీరు మాత్రం అరగంటకే పులిహోర డబ్బా తెరవకండి మరి.

సామాను ఒక్క పెట్టె. మీరే ఎత్తి పెట్టగలిగినంత బరువు. గొలుసు, తాళం కొనుక్కోండి, లోయర్ బెర్త్ కింద రింగులుంటాయి. డబ్బు, ఆధార్, మందులు మెడలో వేసుకునే చిన్న సంచిలో. బాత్రూమ్‌కి వెళ్లినా అది ఒంటి మీదే. ఫోన్ కిటికీ పక్కన పెట్టి ఛార్జింగ్ చేయకండి, స్టేషన్‌లో బండి కదిలేటప్పుడు బయటినుంచి చెయ్యి పెట్టి లాక్కుపోతారు. రాత్రి పదకొండు దాటాక ప్లగ్గులు పనిచేయకపోవచ్చు, ముందే ఛార్జింగ్ చేసుకోండి. అడవుల్లో సిగ్నల్ ఉండదు, ఫోన్‌పే పనిచేయదు. చిల్లర నోట్లు దగ్గరుంచుకోండి.

మధ్య స్టేషన్లలో దిగడం గురించి నా సొంత తెలివితక్కువ పని ఒకటి చెబుతాను. పాతికేళ్ల కింద, ఇలాగే ఒంటరిగా వస్తూ, ఒక పెద్ద జంక్షన్‌లో బాటిల్ నింపుకుందామని దిగాను. ఎంతసేపు ఆగుతుందో ఎవర్నీ అడగలేదు. పంపు దగ్గర వరస. నా వంతు వచ్చింది, బండి కదిలింది. పరుగెత్తి చేతికందిన బోగీలో ఎక్కి, ఏడు బోగీలు లోపల్లోపల నడిచి నా చోటికి చేరేసరికి నా బ్యాగు ఎదుటి బెర్త్ ఆవిడ ఒళ్లో ఉంది. అప్పటికే టీసీని పిలిపించి, వచ్చే స్టేషన్‌కి కబురు పెట్టమని ఆయన్ని నిలదీస్తోంది. నన్ను చూశాక మరాఠీలో పావుగంట తిట్టింది. అర్థం కాలేదు గానీ ప్రతి మాటా నిజమే అయ్యుంటుంది. మీరు దిగకండి. నీళ్ల సీసాలు బోగీలోకే వస్తాయి.

నీళ్లంటే గుర్తొచ్చింది. బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లని లెక్కలేనంత మందిని చూశాను. పిక్కలు పట్టేస్తాయి, మూత్రంలో మంట మొదలవుతుంది, తలనొప్పి. తాగండి. పొద్దున ఐదున్నరలోపు ఒకసారి వెళ్లొచ్చేస్తే వరస ఉండదు. తేలిగ్గా తొడుక్కునే చెప్పులు, సబ్బు కాగితాలు, చిన్న టార్చి. సల్వార్ కమీజ్ వేసుకోవడం అలవాటుంటే అదే సుఖం, చీరే అలవాటైతే కాటన్‌ది కట్టుకుని కుచ్చిళ్లు ఎత్తి దోపుకోండి.

తిండికి ఇబ్బంది లేదు. మొదటి పూటకి జొన్నరొట్టె, పల్లీ పొడి. మధ్యాహ్నానికి చింతపండు పులిహోర, నిమ్మకాయది కాదు. పెరుగన్నం పెట్టుకోవాలంటే అన్నంలో పాలు పోసి ఒక్క చెంచా పెరుగు కలపండి, తినే వేళకి సరిగ్గా తోడుకుంటుంది. సకినాలు ఉంటే బోగీ అంతా స్నేహితులే. పచ్చడి సీసా మాత్రం రెండు కవర్లలో చుట్టండి. నూనె కారిన పెట్టెతో ఢిల్లీలో దిగిన బాధ నాకు తెలుసు. ఢిల్లీలో రెండో రోజుకే నాలుక పప్పు, గోంగూర అడిగితే అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉంది.

భాష గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. ఉత్తరానికి వెళ్లే తెలుగువాళ్లలో హైదరాబాద్ వాళ్లది అదృష్టం, ఎంతోకొంత హిందీ నోట్లో ఉంటుంది. "వద్దు" అనడానికి మనం వాడే "నక్కో" అంటే నవ్వుతారు. నవ్వనివ్వండి, ఆ నవ్వుతోనే మాటలు మొదలవుతాయి.

అబ్బాయికి ఏం చెప్పాలి? వాదించకండి. టికెట్ తీసేసుకున్నాక పీఎన్ఆర్ పంపండి. బండి ఎక్కడుందో ఆయన ఫోన్‌లో చూసుకుంటాడు. మూడుచోట్ల ఫోన్ చేస్తానని చెప్పండి: బల్లార్షా, ఇటార్సీ, పొద్దున మథుర. మధ్యలో ఫోన్ చేయొద్దని కూడా చెప్పండి, కిటికీ చూస్తూ ఉంటానని. మీ చెల్లెలి కూతుర్ని బయట గేటు దగ్గర కాకుండా ప్లాట్‌ఫామ్ మీదికే, మీ బోగీ దగ్గరికే రమ్మనండి. న్యూఢిల్లీ స్టేషన్‌కి పహాడ్‌గంజ్, అజ్మేరీ గేట్ అని రెండు వైపులుంటాయి, "బయట ఉన్నాను" అంటే ఏ బయటో తేలేసరికి గంట పడుతుంది. మీ హోటల్ మూసేశారు, కౌంటర్ మార్చేశారు అంటూ వెంటపడేవాళ్లకి జవాబే చెప్పకండి. ఇంకో మాట, వచ్చేటప్పుడు ఎక్కేది న్యూఢిల్లీలో కాదు, నిజాముద్దీన్‌లో.

ఇక స్లీపర్ కారణం. ఏసీ బోగీలో కిటికీ అద్దం తెరుచుకోదు, మసక రంగు వేరే. వచ్చే రోజు భోపాల్ దాటాక నిద్రపోకండి. బుధ్నీ బోర్డు కనబడగానే ఒక రూపాయి బిళ్ల చేతిలోకి తీసుకోండి. బండి దక్షిణానికి వస్తుంటుంది కాబట్టి మీ కుడిచెయ్యి పడమర. వంతెన మీద నీళ్లు ఎడమ నుంచి వచ్చి కుడికి పోతుంటాయి, సరిగ్గా మీరు పిల్లలకి చెప్పినట్టే. వంతెన ఎక్కువసేపు ఉండదు. ఊచల్లోంచి బిళ్ల వేసి చూస్తూ ఉండండి. అవతలి ఒడ్డున స్టేషన్ బోర్డు మీద నర్మదాపురం అని ఉంటుంది. మీ పాత మ్యాపులో అయితే హోషంగాబాద్.